చెరుకుకి ఉన్న చట్టం పాలకి లేదెందుకని?

కామారెడ్డి అనగానే చాలామందికి బెల్లం గుర్తొస్తుంది. పక్కనే సదాశివనగర్ మండలంలో చక్కెర ఫ్యాక్టరీ కూడా ఉంది. ఫ్యాక్టరీకి తోలే చెరుకుకి కేంద్రం ఏటా ఒక కనీస ధర ప్రకటిస్తుంది. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బులివ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. అమలు ఎట్లా ఉందన్నది వేరే సంగతి. కనీసం రైతు చేత పట్టుకుని అడగడానికి ఒక కాగితం ఉంది.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న రామారెడ్డిలో రెండు బర్రెలు పెట్టుకున్న ఇంటికి అలాంటి కాగితం లేదు. పాలకి మద్దతు ధర లేదు, చెల్లింపుకి చెరుకు లాంటి గడువూ లేదు. నిజానికి ఉండాల్సింది పాలకే. నరికిన చెరుకు ఒకట్రెండు రోజులు ఆగుతుంది. వేసవిలో పొద్దున పిండిన పాలు మధ్యాహ్నం దాకా ఆగవు. "ఈ రేటుకి పొయ్యను" అని క్యాను వెనక్కి తెచ్చుకునే అవకాశమే లేని సరుకు ఇది.

పాల మీద అసలు నియంత్రణే లేదా అంటే, ఉండేది. 1991లో లైసెన్సులు ఎత్తేశాక, 1992లో పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వు వచ్చింది. రోజుకి పదివేల లీటర్లు దాటిన డెయిరీలు రిజిస్టర్ చేసుకోవాలి, ఎవరి పాలసేకరణ ప్రాంతం వాళ్ళది. ఆ హద్దులు 2002లో పోయాయి, 2011లో మొత్తం వ్యవహారం ఆహార భద్రత చట్టం కిందికి వెళ్ళింది. ఇప్పుడున్న నిబంధనలు తాగేవాడి కోసం. అవీ కావాల్సిందే, కాదనను. కానీ పోసేవాడి సంగతి?

రామారెడ్డిలో మా చిన్నమ్మ పాలు పోస్తుంది (ఏ డెయిరీకి అన్నది ఇక్కడ అనవసరం). చీటీలో వెన్న ఒకరోజు 6.5, మర్నాడు 6.0. బర్రె అదే, దాణా అదే. అడగరాదా అంటే, "మిషన్ల ఏం పడ్తె గదే బిడ్డా. గట్టిగ అడిగితె రేపు పాలు తీస్కుంటడా?" అంది.

వెన్న శాతం రోజూ కొంత మారడం సహజమే. మేత, పూట, ఈనిన నెల.. అన్నిటినీ బట్టి మారుతుంది. కాబట్టి ఎవరో మోసం చేశారని నేననడం లేదు. ఆ తేడా బర్రెదా, మిషన్‌దా అని తేల్చుకునే దారి లేకపోవడమే నా బాధ.

చిన్న లెక్క చూద్దాం. కిలో వెన్నకి 800 రూపాయలు అనుకోండి. 6.5 శాతం ఉన్న లీటరుకి 52 రూపాయలు, 6.0 అయితే 48. రోజుకి 8 లీటర్లు పోస్తే అర పాయింటు తేడాకి 32 రూపాయలు, నెలకి 960. దీని మీద వెన్న కాని ఘనపదార్థాల లెక్క ఉంటుంది. ల్యాక్టోమీటర్ వాడే చోట దాని అంకెకి వెన్న శాతాన్నీ, ఒక స్థిరాంకాన్నీ కలిపే సూత్రం ఒకటుంది. ఆ స్థిరాంకం కూడా అన్ని చోట్లా ఒకటి కాదు! ప్రోగ్రాములో ఎవరికీ కనపడని ఒక నంబరు మారిస్తే జీతాలు మారిపోయినట్టు ఉంటుంది ఇది.

పెట్రోలు బంకులో అనుమానమొస్తే ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమని అడగొచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. పాలకేంద్రంలో కూడా అంతే ధైర్యంగా అడిగే హక్కు ఎందుకుండకూడదు?

"అయితే ప్రభుత్వమే రేటు కట్టేస్తే సరి" అంటారు కొందరు. నాకు అంత నమ్మకం లేదు. యూరప్‌లో 1984 నుంచి 2015 దాకా ఎవరెన్ని పాలు అమ్మాలో కోటాలు పెట్టారు, చివరికి ఎత్తేశారు. అమెరికాలో 1937 నాటి చట్టం కింద ఇంకో పద్ధతి నడుస్తోంది. పాలని దేనికి వాడారన్న దాన్ని బట్టి డెయిరీ కట్టాల్సిన కనీస ధరని సూత్రం ప్రకారం తేలుస్తారు, ఆ సూత్రం అందరికీ తెలుసు. నాకు నచ్చింది ఆ చివరి ముక్క. ఇక్కడ 2014లో విజయ డెయిరీకి పోసేవాళ్ళకి లీటరుకి 4 రూపాయల ప్రోత్సాహకం ఇచ్చారు. మంచిదే, కానీ అలాంటిది ఖజానా దయ మీద ఉంటుంది. హక్కు కాదు.

ఇంకో దారి ములుకనూరు ఆడవాళ్ళు చూపించారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద, 2002లో సొంత డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి పాలు వాళ్ళవే. లాభం మళ్ళీ పాలుపోసిన వాళ్ళకే బోనస్‌గా వెళ్తుంది. కానీ ప్రతి ఊళ్ళోనూ ములుకనూరు పుట్టేదాకా ఆగమంటే ఎట్లా?

నేనడిగేవి మూడే. మిషన్లకి బయటివాళ్ళ తనిఖీ, మళ్ళీ పరీక్ష చేయించుకునే హక్కు. రేటు సూత్రం స్థిరాంకంతో సహా తెలుగులో గోడ మీద. చెరుకు లాగే 14 రోజుల గడువు, దాటితే వడ్డీ. వీటికి సబ్సిడీ అక్కర్లేదు. కామారెడ్డిలోనే డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది, తనిఖీకి చదువుకున్న మనుషుల్ని ఎక్కడినుంచో తేనక్కర్లేదు కూడా.

చిన్నమ్మ ఒక బర్రెని అమ్మేద్దామని చూస్తోంది. రేటు పెరిగితే ఆగుతుందో లేదో నాకు తెలీదు. లెక్క అర్థమైతే మాత్రం, అమ్మాలో వద్దో తనే తేల్చుకోగలదు.