కొత్త కారు కన్నీరు పెట్టింది!

కారు లేని సినిమా మీరెప్పుడైనా చూశారా? హీరోగారి ఎంట్రీకి కారు కావాలి. విలన్ పారిపోవడానికి కారు కావాలి. హీరోయిన్ అలిగి పుట్టింటికి పోవడానిక్కూడా కారే కావాలి! ఆ కారు గోడలు పగలగొట్టుకుని వస్తుంది, వంతెన మీంచి దూకుతుంది, దూకి మళ్ళీ ఏమీ ఎరగనట్టు పరుగెడుతుంది. కానీ ఆ కారు కింద నేలమీద ఒక్క నూనె చుక్కయినా కనిపిస్తుందా? అబ్బే! వెండితెర మీద కార్లకి రోగాలుండవు.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకంటారా? తెరమీద మీరు వినే కారు గర్జనలు వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. హైదరాబాదులో ఒక స్టూడియోలో సౌండ్ ఎఫెక్ట్స్ పని నాది. షూటింగులో కారు మామూలుగానే వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మేం కూర్చుని ఇంజను రొద, టైర్ల కీచు, గేరు మారిన చప్పుడు... అన్నీ విడివిడిగా తెచ్చి అతికిస్తాం. మీరు ఈల వేసేది చాలాసార్లు మా అతుకులకే! ఇలా పదేళ్ళు పరాయి కార్లకి గర్జనలు వేసీ వేసీ, నాకంటూ ఒక గర్జన ఉండాలన్న కోరిక పుట్టింది.

ఆ కోరికకి అసలు విత్తనం 1968లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'బుల్లిట్'. శాన్‌ఫ్రాన్సిస్కో మెట్ట వీధుల్లో స్టీవ్ మెక్వీన్ ముస్తాంగ్ కారు పరుగు పది నిమిషాల పైచిలుకు. ఆ చిత్రానికి ఎడిటింగులో ఫ్రాంక్ పి. కెల్లర్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. కుర్రతనంలో ఆ పరుగు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, ఆ సినిమాకి వాళ్ళు వాడింది ఒకటి కాదు, రెండు ముస్తాంగులు! ఒకదాన్ని 2020 జనవరిలో వేలం వేస్తే ఫీజులతో కలిపి 37 లక్షల డాలర్లకి పైగా పలికింది. దూకుళ్ళన్నీ దూకిన రెండోది 2017లో మెక్సికోలో తుక్కు స్థితిలో దొరికింది. చూశారా! సినిమావాళ్ళకి ఒకటి కుంటుపడితే ఇంకొకటి సిద్ధం. మరి మనకో? ఉండేది ఒక్కటే. అదీ బ్యాంకు లోను మీద!

2024లో కొన్నాను. పేరెందుకు గాని, టర్బో పెట్రోలు ఇంజను, 150 హార్స్‌పవర్, నల్లటి నలుపు. ఖరీదు అక్షరాలా 17 లక్షలు. ఏడేళ్ళ పొదుపు అందులోకి పోయింది. అమ్మ పసుపు కుంకుమలు పెట్టింది, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం, చెల్లాయి గుమ్మడికాయ దిష్టి తీసింది. వచ్చే ఆదివారం కొత్త కార్లోనే శ్రీశైలం తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చాను. ఆవిడకి మల్లన్న మొక్కు చాలా ఏళ్ళనాటిది.

సరిగ్గా తొమ్మిదో రోజు పొద్దున మా అపార్టుమెంటు వాచ్‌మన్ తాత ఆపాడు.

"సారూ, మీ బండి కింద నూనె పడ్డది. నిన్న గూడ ఉండె. ఏసీ నీళ్ళేమో అనుకున్న."

వంగి చూశాను. రూపాయి బిళ్ళంత మరక. వేలితో అద్దితే జారుడుగా, తేనెరంగులో ఉంది. ఇంకా 600 కిలోమీటర్లు కూడా తిరగని కారు! చెప్పొద్దూ, గుండె జారిపోయింది.

చప్పుళ్ళతో బతికేవాణ్ణి గదా, బానెట్టు ఎత్తి చెవి పెట్టి విన్నాను. ఇంజను సితార్ తీగలా పాడుతోంది. ఎక్కడా అపశ్రుతి లేదు. అప్పుడర్థమైంది, ఈ రోగానికి చప్పుడు లేదని. చెవి పనికిరాదు, కన్నే దిక్కు.

ఆ రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచాను. మీరూ తెలుసుకోండి, కారు కింద పడే ప్రతి తడీ నూనె కాదు. రంగూ వాసనా లేని నీళ్ళయితే అది ఏసీ చెమట, భయం లేదు. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసనేస్తే రేడియేటర్ కూలెంటు. ఎర్రగా ఉంటే చాలా కార్లలో అది ఆటోమేటిక్ గేరు నూనె. చక్రం దగ్గర పల్చగా, లేత పసుపుగా, జిడ్డుగా తగిలితే బ్రేకు ద్రవం కావచ్చు... ఇక బండి కదపకూడదు. తేనెరంగు నుంచి నలుపు దాకా ఉండి, చిక్కగా జారేది ఇంజను నూనె. తెల్లారి చూస్తే నా అట్ట మీద తేనెరంగు చుక్కలు మూడు!

మా వీధి చివర షెడ్డు నడిపే మేస్త్రిది తెనాలి దగ్గర ఊరు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం. ఆయన్ని పిలిస్తే టార్చి పట్టుకుని వచ్చాడు.

"చూస్తాను గాని ముట్టుకోను బాబూ. నేను ఒక్క బోల్టు తిప్పినా, రేపు వారంటీ లేదంటారు" అన్నాడు. ఎంత పెద్దమనిషి! చూసి చెప్పిందేమిటంటే, "నూనె పడ్డచోట లీకు ఉండదు బాబూ. పైనెక్కడో పుట్టి, ఇంజను ఒంటిమీదుగా జారి, కింద ఏ మూలకి దొరికితే ఆ మూల నుంచి పడుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది కూడా. కింద తుడిచి బాగుచేశామంటే నమ్మకు. పైన వెతకమను."

ఈ మాట నాకు తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్తాను.

సర్వీసు సెంటరుకి పోయాను. ఏసీ గది, కాఫీ, టై కట్టుకున్న అడ్వైజరు. కారు లోపలికి తీసుకెళ్ళి గంటలో తెచ్చి ఇచ్చారు. కింద అద్దంలా మెరుస్తోంది.

"కొత్త బండి గదా సార్! ఫ్యాక్టరీలో పూసిన నూనె కాస్త కారుతుంటుంది. ఫస్టు సర్వీసు తర్వాత అంతా బాగుంటుంది" అన్నాడు నవ్వుతూ.

నాకు ఠక్కున ఎవరు గుర్తొచ్చారో తెలుసా? మొదటి రోజు మొదటి ఆట చూస్తున్న వీరాభిమాని! సినిమా నడవటం లేదని పక్కవాడు గొణిగితే, "ఆగరా, ఇంటర్వెల్ తర్వాత బాగుంటుంది" అంటాడే... అచ్చం అలాగే ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన చెప్పింది అసాధ్యమేమీ కాదు. తయారీలో అంటిన నూనె ఒకటి రెండుసార్లు కారొచ్చు. అందుకే పోట్లాడలేదు. శుభ్రంగా తుడిచారు గనక ఇదే మంచి పరీక్ష అనుకున్నాను. అది మిగిలిపోయిన నూనె అయితే మళ్ళీ రాకూడదు. వస్తే మాత్రం ఎక్కడినుంచో కొత్తగా వస్తున్నట్టే!

రోజూ రాత్రి అట్ట, పొద్దున ఫోటో. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, తేదీ, కిలోమీటర్లు రాసి మరీ తీశాను. రెండు రోజులు పొడి. మూడోరోజు మళ్ళీ చుక్కలు. నాలుగోరోజు సాసరంత మరక! చదునైన చోట ఆపి, వేడి ఇంజను కట్టేసి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తుడిచి ముంచి చూస్తే, నూనె రెండు గీతల మధ్య సగానికి దిగింది. ఆ రెండు గీతల మధ్య దూరం చాలా కార్లలో సుమారు ఒక లీటరు. అంటే అర లీటరు ఎటో పోయింది.

మళ్ళీ అదే ఏసీ గది, మళ్ళీ అదే కాఫీ.

"కొంచెం లీకు నార్మలే సార్. నడుపుకోండి" అన్నాడు అడ్వైజరు.

నేను జాబ్‌కార్డు ఆయన ముందుకి జరిపాను. "మంచిది. ఆదివారం అమ్మనీ చెల్లెల్నీ ఎక్కించుకుని శ్రీశైలం వెళ్తున్నాను. దోమలపెంట దాటాక ఘాట్ రోడ్డు. ఈ లీకుతో ఆ ఘాట్ ఎక్కినా ప్రమాదం లేదని ఇక్కడ రాసి సంతకం పెట్టండి, చాలు" అన్నాను.

ఆయన పెన్ను పైకి లేవలేదు.

రెండు నిమిషాల్లో మేనేజరు వచ్చాడు. అయిదో నిమిషంలో కారు లిఫ్టెక్కింది!

ఎందుకంత భయం అంటారా? టర్బో సంగతి చెప్పాలి. ఇంజను వదిలే వేడి పొగతో తిరిగే చిన్న చక్రం అది. నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. అంత వేగంలో దాని ఇరుసుని కాపాడేది సన్నటి నూనె పొర ఒక్కటే. ఆ నూనెని ఒక సన్న గొట్టం వత్తిడితో తెచ్చిపోస్తుంది. పని అయిన నూనె ఇంకో గొట్టంలోంచి కిందకి జారి, ఇంజను అడుగునున్న సంపులోకి చేరుతుంది. పక్కనే పొగగొట్టం. బండిని గట్టిగా తోలితే ఆ పొగ వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. ఇంజను నూనె ఆవిరి అంటుకోడానికి 200 పైచిలుకు డిగ్రీలు చాలు. ఘాట్ ఎక్కుతుండగా నూనె ఆ లోహం మీద పడిందో... పొగ, ఆపైన మంట! మంట రాకపోయినా, నూనె తగ్గిపోతే బేరింగులు అరిగి ఇంజనే పట్టేస్తుంది. అంచేత, నూనె వత్తిడి తగ్గిందని ఎర్ర దీపం వెలిగితే పక్కకి తీసి ఇంజను కట్టెయ్యండి. ఇంటిదాకా పోదామని మాత్రం అనుకోకండి.

మేనేజరు మొదట కింద సంపు దగ్గరే వెతికించాడు. నేను మేస్త్రి మాట అప్పజెప్పాను: "పైన వెతికించండి." అప్పుడు నూనెలో ఒక ప్రత్యేకమైన రంగు కలిపి, ఇంజను కాసేపు తిప్పి, అతినీలలోహిత కిరణాల దీపం వేశారు. అచ్చం క్లబ్బు డాన్సు సెట్టే! చీకట్లో ఆకుపచ్చ గీత మెరిసింది. అది పైన టర్బోకి నూనె తెచ్చే గొట్టం అతుకు దగ్గర మొదలై, ఇంజను పక్కగా జారి, గేరుబాక్సు మూల దాకా వచ్చింది. నేను రోజూ ఫోటో తీసిన చుక్క పుట్టిల్లు అక్కడ! అతుకు దగ్గర రెండు రాగి వాషర్లుండాలి. రెండూ ఉన్నాయి గాని ఒకటి వంకరగా నొక్కుకుపోయి ఉంది. బిగించిన రోజే జరిగిన తప్పు అది.

వాషరు చిన్నదే గాని, ఆ బోల్టు ఎంత బలంతో బిగించాలో లెక్కుంది. ఎక్కువ బిగిస్తే మర పోతుంది, తక్కువైతే మళ్ళీ కారుతుంది. కొత్త బోల్టు, కొత్త వాషర్లు తెప్పించి, టార్క్ రెంచితో లెక్క ప్రకారం బిగించి, నూనె నింపి, మళ్ళీ దీపం వేసి చూపించేసరికి నాలుగు రోజులు పట్టింది. పైసా తీసుకోలేదు. మార్చిన భాగాల పేర్లన్నీ కాయితం మీద రాయించుకున్నాకే తాళాలు అందుకున్నాను.

మరి ఆదివారం శ్రీశైలం? ఆర్టీసీ బస్సులో వెళ్ళాం. నా మొహం చూసి అమ్మ అంది: "ఏ బండిలో వచ్చావని మల్లన్న అడగడులేరా. క్షేమంగా వచ్చావా అని చూస్తాడు." నల్లమల అడవిలో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా, ఇదే మలుపులో మా కారు బానెట్టు కిందనుంచి పొగ వచ్చినట్టు ఊహ వచ్చేది. వెనక సీట్లో అమ్మా చెల్లాయీ... ఆ సీనుకి ఏ చప్పుడూ వేయలేను బాబూ!

ఇక మీ సంగతి. రేపో ఎల్లుండో మీలో చాలామంది కారు కొంటారు. కొత్త కారు లీకు పెడితే సిగ్గుపడి దాచకండి, నలుగురూ దిష్టి అంటే నిమ్మకాయతో సరిపెట్టకండి. వారంటీలో ఉన్న కారుకి గుట్టుచప్పుడు కాకుండా నూనె పోసుకుంటూ తిరగకండి. కారుతోందన్న మాట మీ మాటల్లోనే జాబ్‌కార్డు మీద ఎక్కాలి. "తుడిచాం" అంటే సరిపోదు, "ఎక్కణ్ణించి?" అని అడగండి.

ఎంత అడిగినా వినకపోతే? వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చెయ్యొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కమిషన్లో ఫిర్యాదు వెయ్యొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషనే చాలు. కాని రెండేళ్ళలోపు వెయ్యాలి. అక్కడ పనికొచ్చేది మన కోపం కాదు. తేదీ వేసిన ఫోటోలు, జాబ్‌కార్డులు!

మా కారు ఇప్పుడు బాగుంది. అమ్మని అందులోనే రెండుసార్లు శ్రీశైలం తిప్పాను. దాని గర్జన రికార్డు చేసి ఒక సినిమాలో హీరోగారి కారుకి వేశాను కూడా. ఏ సినిమానో చెప్పను, హాల్లో విని పట్టుకోండి చూద్దాం! ఈలోగా మీ ఇంట్లో కారుంటే, ఈ రాత్రికి దాని కింద ఒక అట్టముక్క పరిచి పడుకోండి. ఖర్చేమీ లేదు గదా!