ఇసుక క్రింది మంచినీరు

మాల్దీవులలో కొండ లేదు, నది లేదు. హిందూమహాసముద్రంలో ఉత్తర దక్షిణాలుగా 800 కిలోమీటర్లకు పైగా సుమారు 1,200 పగడపు దీవులు బారులు తీరి ఉన్నవి. అన్నీ కలిపినా నేల 300 చదరపు కిలోమీటర్లే. అందులో అధికభాగం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తయినా లేదు. నడుమ మడుగు, చుట్టూ వలయంగా పగడపు దిబ్బ, దానిపై అక్కడక్కడ దీవులు: ఈ అమరికకు లోకమంతా వాడే ‘అటోల్’ అనే పేరు అక్కడి దివేహి భాషనుండి వచ్చినదే. అంత చిన్న భాష భూగోళశాస్త్రానికి ఇంత పెద్ద మాట నివ్వటం ముచ్చటైన సంగతి.

ఈ నేలను కట్టినవి ప్రాణులు. అడుగున ప్రాచీనమైన అగ్నిపర్వతాలు క్రుంగుతూ ఉండగా, పగడపు పురుగులు వెలుతురుకోసం తమ గూళ్లను పైపైకి పెంచుకుంటూ వచ్చినవి. ఆ పగడాన్ని చిలుకచేపలు కొరికి విసర్జించిన పొడి తీరపు ఇసుకలో కలిసినది. ఆ ఇసుకయైనా ఒకచోట నిలువదు. నైరుతి ఋతుపవనం ఒక ఒడ్డున పేర్చినదానిని ఈశాన్యపవనం మరొక ఒడ్డుకు తరలిస్తుంది.

అయినా మనుష్యులు నిలువగలిగినది మంచినీటివల్ల. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిపై నడుమ మందంగా, ఒడ్డులవద్ద పలుచగా తేలుతుంది. లోతు త్రవ్వనక్కరలేదు; కాని ఆశకొద్దీ తోడితే ఉప్పు పైకి వస్తుంది. ఆ పొదుపుతోనే ఊళ్లు శతాబ్దాలు బ్రతికినవి. 2004 డిసెంబరు 26న సునామీ పలు దీవులను ముంచినప్పుడు ఇళ్లతోపాటు బావులూ పాడయినవి. రాజధాని మాలేలో జనం పెరిగి భూజలం అంతకుముందే చెడిపోయినది. అక్కడ సముద్రజలాన్నే శుద్ధిచేసి త్రాగుతారు. 2014 డిసెంబరులో ఆ యంత్రాగారంలో మంటలు లేవగా, భారతదేశం విమానాలలోను ఓడలలోను త్రాగునీరు పంపవలసి వచ్చినది.