మా యింటి వాల్వుల రేడియో

గృహిణి వ్రాయదగిన విషయములు పెక్కు లుండగా పాత రేడియోను గూర్చి వ్రాయనేల యని సోదరీమణులు నవ్వుకొందురేమో. రెండేండ్ల క్రిందట నేనును నవ్వియుందును. బాల్యమున మా తాతగారు నాకు చెప్పినవి అమరము, భారతము, కొంత ప్రబంధసాహిత్యము. మీట నొక్కిన దీపము వెలుగునన్నంతవరకే నా విద్యుచ్ఛాస్త్రము.

మాది తెనాలి. నా భర్త యిచ్చట నుపాధ్యాయులు. మా యింటి యటుకపై పెద్ద కఱ్ఱ రేడియో యొకటి యుండెడిది. మావారి తాతగారు దానిని 1958లో కొనిరట. ఏటేట తపాలా కచేరీలో రుసుము చెల్లించి పుచ్చుకొన్న లైసెన్సు పుస్తకము కూడ దానితో నొక గుడ్డసంచిలో నుండెను. రేడియో వినుటకు ప్రభుత్వపు టనుమతి కావలసిన దినము లుండెనని చెప్పిన నా కూతురు నమ్మనే లేదు. ఆ పద్ధతి 1980 దశకములో తొలగినది.

రెండేండ్ల క్రిందటి సంక్రాంతికి ఇల్లు దులుపుచు, ఈ బరువు మనకేల యని, పాతసామానులవానిని బిలిచితిని. వాడు మూడువంద లిచ్చెదననెను. ఇంతలో మా యత్తగారు వెలుపలికి వచ్చి, ఏమియు ననక, పమిటచెఱగుతో రేడియో పైభాగము నొక్కమారు తుడిచి లోనికి బోయిరి. అది చూచిన పిదప వానికి దినపత్రికల కట్టలు మాత్రమిచ్చి పంపివేసితిని.

తరువాత నేను చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. రేడియో ముఖమున నుండు గాజుపలక మాసియున్నదని సబ్బునీటిలో తడిపిన గుడ్డతో బాగుగ రుద్దితిని. స్టేషనుల పేర్లును, అంకెలును ఆ పలక వెనుకవైపున రంగుతో నచ్చొత్తినవట. మధ్యతరంగముల వరుసయంతయు గుడ్డ కంటుకొని వచ్చినది. పొట్టితరంగముల వరుస యెట్లో మిగిలినది. అత్తగారు చూచి, "తడిగుడ్డ పెట్టావా అమ్మాయీ? దాన్ని పొడిగుడ్డతోనే తుడవాలి" అని యూరకుండిరి. తిట్టినను నాకంత కష్టముగ నుండెడిది కాదు.

ఆ తప్పు దిద్దుకొను మార్గము వెదకుచుండగా మావారి సహోపాధ్యాయు లొకరు, విజయవాడ సత్యనారాయణపురములో పాత రేడియోల ప్రియులు కొందఱు నెలకొక ఆదివారము కలసికొందురని చెప్పిరి. టెలిఫోను శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దలొకరి మేడగదియే వారి కూటము. నేను పోయిననాడు అచ్చట తొమ్మండుగురు పురుషులు, పదునాలుగు రేడియోలు నుండెను. ఆడుది నేనొక్కతెను.

ఆ పెద్దలు నాకు చెప్పిన మొదటిమాట: "అమ్మా, నలుబదేండ్లు పలుకని రేడియోను తిన్నగా ప్లగ్గులో పెట్టకుడు." పెద్ద కండెన్సర్లలో నుండు సన్నని పొర యేండ్ల తరబడి వాడకము లేక చెడిపోవును. ఒక్కసారిగా విద్యుత్తు నిచ్చినచో ట్రాన్స్ఫార్మరు కాలిపోవచ్చును. కావున సీరీస్ బల్బు గుండ ప్రవాహము నిచ్చి చూతురు. బల్బు తళుక్కుమని పిదప మందగించిన నాశ కలదు. మండుచునే యున్న లోపల నేదో కలిసిపోయినదన్నమాట. మఱియొక హెచ్చరిక. ప్లగ్గు తీసిన పిదపను కండెన్సర్లలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండును. తెలిసినవారు దగ్గఱ లేనిది ఇంట నెవ్వరును పాత రేడియో వీపు విప్పరాదు.

వాల్వనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందు కాథోడు ఎఱ్ఱగా కాగి ఎలక్ట్రానుల వెదజల్లును. దూరముగ నున్న యానోడు వానిని లాగుకొనును. ఇది 1904లో ఫ్లెమింగు చేసినది. రెండేండ్లకు డి ఫారెస్టు నడుమ నొక తీగెజల్లెడ నమర్చెను. జల్లెడపై బడిన యత్యల్పమగు కదలిక యానోడునొద్ద పెద్ద కదలిక యగును. ఆకాశమునుండి వచ్చిన యా లేశమే మన గదినిండ పాటగుట కిదియే కారణము. బుడ్డి లోపలి వెండివంటి పూత తెల్లబడిన గాలి చొచ్చినదనియు, నా వాల్వు చచ్చినదనియు నెఱుగవలెను. మా రేడియోలోని యయిదింటను పూత చెక్కుచెదరలేదు.

వానిపై వ్రాసిన పేర్లు చూచి నేను మురిసిపోయితిని. ఇ.ఎల్. 84 అని యొకటి. మొదటి యక్షరము కాగుటకు 6.3 వోల్టులు కావలెనని చెప్పును. రెండవది స్పీకరును నడపు జాతియని చెప్పును. వ్యాకరణమునందలి సంజ్ఞలవలె ఒక్కొక్క యక్షరమున కొక పని! సూత్రములు వల్లించినదానికి ఇవి కష్టమా? మూడవ నెలకు టంకము పెట్టుటయు నేర్చితిని. బంగారు గాజులు తీసి చీరకొంగు ముడిలో గట్టుకొని, మైనపు కాగితపు కండెన్సర్లు తీసి క్రొత్తవి వేసితిని. ఇ.ఎల్. 84 ముందున్న చిన్నదానిని మాత్రము పెద్దలే మార్చిరి. అది కారినచో నా వాల్వు మితిమీరి కాగి చెడునట.

కూటములో వాదములును గలవు. వాల్వుల ధ్వనియే మధురమని కొందఱు, అది వట్టి భ్రమయని ఒక యువ ఇంజనీరు. వాల్వు తాను పుచ్చుకొన్న స్వరమునకు తననుండి కొంత చేర్చును. అందు ముఖ్యమైనది రెట్టింపు కంపనము, అనగా షడ్జమునకు పైషడ్జము. కొలతలచొప్పున నది దోషమే. కాని దోషములును సందర్భవిశేషమున గుణములగునని మన యాలంకారికు లెన్నడో చెప్పిరి గదా! నే నీ మాట యన్నప్పుడు ఇంజనీరు కూడ నవ్వెను.

వాదములు ముగిసిన పిదప జ్ఞాపకములు. 1952లో మొదలైన బినాకా గీత్‌మాలాను బుధవారపు రాత్రులందు సిలోనునుండి పట్టుటకు తాను మీట నెట్లు వెండ్రుకవాసి త్రిప్పెడివాడో యొకరు చెప్పుదురు. తండ్రి యొడిలో గూర్చుండి మొదట విజయవాడ పట్టినవా రింకొకరు. ఇవన్నియు నేను తెనాలికి వచ్చి యత్తగారికి చెప్పెడిదానను. ఒకనాడామె చిక్కుడుకాయ లీనె తీయుచు, "వాళ్ళందరూ మీట తిప్పినవాళ్ళేగా" అనిరి.

అప్పుడు గదా నాకు తెలిసినది! ఆమె 1971లో పందొమ్మిదేండ్ల ప్రాయమున నీ యింటికి వచ్చిరి. రేడియో ముందుగదిలో గూటిలో నుండెడిది. దానిని తాతగారొక్కరే ముట్టవలెను. ఆడువారు వంటయింటి తలుపుచాటున నిలిచి వినవలెను. పాట నడుమ నాయన కట్టివేసిన దానితో సరి. మధ్యాహ్నపు స్త్రీల కార్యక్రమములు ఆయన నిద్రవేళకు వచ్చెడివి గావున, వానిని పొరుగింట విన్నవారి నోటనే యామె వినిరి. ప్రతి యుదయము గాజు తుడుచుట మాత్ర మామె పని. ఎనిమిదేండ్లు తుడిచిరి. 1979లో రేడియో మూగవోయినది. ట్రాన్సిస్టరు వచ్చినది, అది మగపిల్లల చేతికి బోయినది.

పోయిన భాద్రపదమున రేడియో యింటికి వచ్చినది. సాయంకాలము మీట నొక్కితిమి. గాజు వెనుక దీపము వెలిగినది గాని పలుకు లేదు. వాల్వులు కాగుటకు అరనిమిషము పట్టును. ఆ యరనిమిషము మా యింట నెవ్వరును మాటాడలేదు. సెల్‌ఫోను మ్రోగిన నా కూతురే దానిని నొక్కివేసెను. పిదప సన్నని రొద. మావారు చేయి చాచిరి. నేను వారి చేయి పట్టుకొని, "అత్తయ్యగారూ, మీరు తిప్పండి" అంటిని.

"నాకు రాదే" అనిరి. మఱల నంటిని. ఆమె లేచి వచ్చి, పేరు గాని అంకె గాని లేని యా గాజుపై నొకచోట చూపుడువ్రేలు నుంచి, "ఇక్కడ" అని, రెండవచేత మీట త్రిప్పిరి. ముల్లు మెల్లగా జరిగి వ్రేలి క్రిందికి వచ్చినది. విజయవాడ పలికినది. వరిపైరు తెగుళ్ళను గూర్చి యెవరో ప్రసంగించుచుండిరి. అత్తగారు కుర్చీ లాగుకొని, ఆ ప్రసంగమంతయు తుదివఱకు వినిరి.

మఱునాడు సన్నని కాగితపు పట్టీపై నల్లసిరాతో పేర్లు వ్రాసితిని. ఆమె చూపిరి, నేను వ్రాసితిని. మదరాసు, హైదరాబాదు చూపుటలో కొంచెమైన తడబడలేదు.

కూటమువారు రేడియోను చూపింపుడని కబురంపిరి. మోయలేమేమో యని నేను సందేహించుచుండగా అత్తగారు, "అది వెళ్తే నేనూ వస్తాను" అనిరి. పైయాదివారము ఉదయపు బండికి మూడు టిక్కెట్లు తీసికొంటిమి. రేడియో మావారి యొడిలో.