చెల్లెలి బీఈడీ పుస్తకం, నా ఎక్సెల్ షీటు

మా చెల్లెలు బీఈడీ చదువుతోంది. ఈ మాట ఆఫీసులో ఎవరికన్నా చెప్తే మొహంలో ఒక రకమైన జాలి కనపడుతుంది. "అదేంటి, ఇంజనీరింగ్ చేయించలేదా?" అని సూటిగా అడిగినవాడు కూడా ఉన్నాడు. వాడికి అఆలు నేర్పింది ఎవరో మరి..

మాది కోట. శ్రీహరికోట కాదండీ, గూడూరు నుంచి సముద్రం వైపు వస్తే తగిలే కోట. (2022లో మా మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ మా వాళ్ళ నోట్లోంచి నెల్లూరు జిల్లా మాత్రం పోలేదు.) నాన్నకి చిన్న కిరాణా కొట్టు. నేను పక్కనే ఉన్న విద్యానగర్ లో ఇంజనీరింగ్ చేసి, అందరిలాగే బెంగళూరు బస్సెక్కేశా. చెల్లెలు మాత్రం చిన్నప్పట్నుంచీ టీచర్ అవుతాననే అనేది, అదే చేస్తోంది.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు పొద్దున్నే వసారాలోంచి చదువు వినపడింది. "తోరన్‌డైక్ అభ్యసన నియమాలు మూడు. సంసిద్ధతా నియమం, అభ్యాస నియమం, ఫలిత నియమం. కోహ్లర్ చింపాంజీ పేరు సుల్తాన్. తోరన్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక.." అచ్చం మనం ఎక్కాలు చదివినట్టే, ముందుకీ వెనక్కీ ఊగుతూ. పిల్లలు బట్టీ పట్టకుండా ఎలా నేర్చుకుంటారో చెప్పే పుస్తకాన్ని మా చెల్లెలు బట్టీ పడుతోంది! నవ్వాను. దానికి కోపమొచ్చింది.

"నీకేందన్నా, నవ్వుతావు. టెట్ లో నూట యాభై మార్కులుంటే అందులో ముప్ఫై దీనికే. సుల్తానో కాదో అని బిట్టు అడిగితే ఆలోచిస్తా కూర్చుంటే అయిపోద్దా?"

నిజమే కదా. టెట్ మార్కులకి డీఎస్సీలో కూడా విలువ ఉంటుంది. 2025లో జరిగిన మెగా డీఎస్సీలో పదహారు వేల పైచిలుకు పోస్టులకి పోటీ ఎలా ఉందో చూశాం. ఇంటర్వ్యూల ముందు మనం సార్టింగ్ అల్గారిదమ్స్ బట్టీ పట్టలేదా ఏంటి?

సరే, ఊరికే కూర్చోలేక ఆ పుస్తకం తీసి తిరగేశా. నాకు బాగా నచ్చింది. పిల్లిని పెట్టెలో పెడితే ముందు అన్నీ గీకి, రక్కి, చివరికి మీట నొక్కి బయటపడుతుంది. మళ్ళీ పెడితే ఇంకాస్త తొందరగా వస్తుంది. తోరన్‌డైక్ దీన్ని 1898లోనే రాశాడు. మనం రోజూ చేసే డీబగ్గింగ్ ఇదేగా :) తర్వాత 1930ల్లో ఆయనే తన ఫలిత నియమాన్ని సవరించుకున్నాడు. మెప్పు నేర్పినంతగా శిక్ష నేర్పదని. ఈ సంగతి తెలిసి తొంభై ఏళ్ళు దాటినా నేను ఇంటర్ చదివిన కాలేజీలో స్కేలు విరిగేదాకా కొట్టే సార్ ఒకాయన ఉండేవాడు. విద్యాహక్కు చట్టం అప్పటికే వచ్చేసింది, కానీ అది పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకేనట!

ఇక్కడిదాకా బానే ఉంది. తర్వాత నేను చేసిన ఘనకార్యం చెప్తా.

2015 నుంచి బీఈడీ రెండేళ్ళు అయింది, ఇంటర్న్‌షిప్ కూడా బాగా పెరిగింది. మా చెల్లెలికి దగ్గర్లోని ఒక ఊళ్ళో హైస్కూలు ఇచ్చారు. ఆరో తరగతికి లెక్కలు. సగం మందికి ఎక్కాలు రావు, హోంవర్క్ ఎవరూ చెయ్యరు. "ఏం చెయ్యమంటావన్నా?" అని ఫోన్లో అడిగింది. నేను వెంటనే కన్సల్టెంట్ అవతారం ఎత్తా. మా ఆఫీసులో ఎవరికన్నా సాయం చేస్తే పాయింట్లు ఇచ్చే యాప్ ఒకటుంది. అదే ఐడియా! హోంవర్క్ చేస్తే ఒక చుక్క, ఎక్కం అప్పజెప్తే రెండు చుక్కలు, సొంతంగా లెక్క తయారు చేసుకొస్తే మూడు. యాభై చుక్కలకి జామెట్రీ బాక్సు, డబ్బులు నావే. పేర్లు వాటంతటవే పైకీ కిందకీ మారేలా ఎక్సెల్ షీటు కూడా చేసిచ్చా. స్కిన్నర్, పునర్బలనం అని రెండు ముక్కలు కూడా వదిలా.

రెండు వారాల్లో క్లాసు మారిపోయింది. పన్నెండో ఎక్కం రానివాళ్ళు పదహారు దాకా వచ్చేశారు. నేను ఆఫీసులో నలుగురికి చెప్పుకున్నా కూడా.

ఆ క్లాసులో ఒక పాప ఉంది. వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. ఆ పాప నోట్సు వెనక పేజీల్లో తనే లెక్కలు రాసుకునేది, ఎవరూ అడక్కుండానే. మా వైపు తెలియనివాళ్ళకి చెప్పాలి, రొయ్యల్ని కౌంట్ లెక్కన కొంటారు. కిలోకి ముప్ఫై తూగితే ముప్ఫై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. ఈ పాప లెక్కలన్నీ అవే. ఇన్ని లక్షల పిల్ల వేస్తే ఇంత చచ్చిపోతే, మిగిలినవి నలభై కౌంట్ కొస్తే ఎన్ని టన్నులు? మేత ఖర్చు పోను ఎంత? ఒక్కో లెక్క పేజీ నిండా ఉండేదట.

చుక్కలు మొదలయ్యాక ఆ పాప రోజుకి ఆరేడు లెక్కలు తెచ్చేది. "ఐదు రొయ్యలు ఉన్నవి. రెండు తినిరి. ఎన్ని మిగిలెను?" ఒక్కోదానికి మూడు చుక్కలు కదా. నా షీటులో ఆ పాపే ఫస్ట్. జామెట్రీ బాక్సు గెలిచింది. గెలిచిన తర్వాత రాయడం ఆపేసింది. పెద్ద లెక్కలు, చిన్న లెక్కలు అన్నీ ఆపేసింది.

చెల్లెలు అడిగితే, "బాక్సు వచ్చేసింది గదా టీచర్" అందట.

ఆ రాత్రి చెల్లెలు ఫోన్ చేసి గట్టిగా ఏమీ అన్లేదు. "మన పుస్తకంలో అంతర్గత ప్రేరణ, బాహ్య ప్రేరణ అని ఉంది చూడన్నా, ఆ పేజీ నువ్వు చదవలేదనుకుంటా" అంది. చదవలేదు. అప్పుడు చదివా. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లల్ని ఎంచుకున్నారు. కొంతమందికి గీస్తే బంగారు చుక్క, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొంతమందికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొంతమందికి అసలివ్వలేదు. వారం పది రోజులు పోయాక చూస్తే, ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు బొమ్మల దగ్గర గడిపే సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చిన వాళ్ళకి ఏమీ కాలేదు. బంగారు చుక్క! నేను ఎక్సెల్ లో పెట్టిన రంగు కూడా అదే.

అంటే బహుమతులన్నీ చెడ్డవా? అలా అనలేను. ఎక్కాలంటే అసలే ఇష్టం లేనివాళ్ళకి చుక్కలు పనిచేశాయి, అది నా కళ్ళతో చూశా. మన రాష్ట్రంలోనే 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగం ఒకటుంది. కొన్ని ప్రభుత్వ బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇచ్చారు. రెండేళ్ళకి ఆ పిల్లలు మిగతా బడుల కంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు. సెలవులు పెట్టడం తగ్గలేదట, కానీ వచ్చిన రోజు ఎక్కువ చెప్పారు. మన వేరియబుల్ పే గురించి కూడా ఇలా ఎవరన్నా కొలిస్తే బాగుండు.

కానీ ఆ పాప విషయం వేరు. తనకి ఇష్టమైన పనికి నేను రేటు కట్టా. ఒకప్పుడు నేనూ రాత్రిళ్ళు కూర్చుని ఎవరూ అడగని ప్రోగ్రాములు రాసేవాణ్ణి. చివరిసారి ఎప్పుడు రాశానో గుర్తు రావట్లేదు.

చెల్లెలు మర్నాడే చార్టు పీకేసింది. కొందరు పిల్లలు గొడవ చేశారు, హోంవర్కులు మళ్ళీ తగ్గాయి. ఆ పాపలో మార్పేమీ లేదు.

పోయిన గురువారం చెల్లెలు బోర్డు మీద తనే ఒక రొయ్యల లెక్క రాసిందట. మాది కిరాణా కొట్టు కదా, తొందరలో వంద కౌంట్ కి ఎక్కువ రేటు, ముప్ఫై కౌంట్ కి తక్కువ రేటు వేసింది. వెనక నుంచి నవ్వులు. ఆ పాప లేచి, "తిరగేసి రాసారు టీచర్, ముప్ఫై కౌంట్ అంటేనే పెద్ద రొయ్య" అని, సుద్దముక్క తీసుకుని రేట్లు మార్చి, పనిలో పనిగా మేత ఖర్చు కూడా కలిపి బెల్లు కొట్టేదాకా బోర్డు దగ్గరే ఉందట.

"కావాలని తప్పు రాశావా?" అన్నా.

"లేదన్నా, నిజంగానే తెలీలేదు" అంది, నవ్వుతా.

నోట్సు వెనక పేజీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయట. ఇంటర్న్‌షిప్ మూడు వారాలుంది. ఎక్సెల్ షీటు నా దగ్గరే ఉంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి. ఫార్ములాలు మాత్రం బాగా కుదిరాయి :)