పసుపు ఎరుపెక్కే పాఠం

లెక్కలు, సైన్సు మీద పిల్లల ఆసక్తి చాలాసార్లు సడలేది పాఠం బోర్డు మీదే ఆగిపోయి, చేతికి అందనప్పుడు. ఈ లోటు తీర్చడానికి 1999లో రామ్‌జీ రాఘవన్ అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌ను ప్రారంభించారు. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర దాని క్యాంపస్ 172 ఎకరాల్లో ఉంది. ఊరి బడుల ముంగిటికే ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో తీసుకెళ్లడం ఈ సంస్థ ప్రత్యేకత.

ఇలాంటి ప్రయోగాలన్నిటికీ పెద్ద ఖర్చు అక్కర్లేదు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. తగినంత నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది. క్షారం, ఆమ్లం అనే మాటలకు అర్థం పళ్లెంలోనే కనబడుతుంది. కాగితంతో కత్తిరించిన త్రిభుజం మూడు మూలలూ చింపి, కొసలు కలిసేలా పక్కపక్కన పేరిస్తే అంచు సరళరేఖ అవుతుంది. కోణాల మొత్తం 180 డిగ్రీలని ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

ప్రయోగానికి ముందు ‘ఏమవుతుందో చెప్పు’ అని అడగడం, తప్పు చెప్పినవారిని చూసి నవ్వకపోవడం ముఖ్యం. ఊహ తప్పితే కారణం తెలుసుకోవాలన్న కుతూహలం పెరుగుతుంది. పసుపు ప్రయోగానికి ఇంట్లో సున్నం లేకపోతే సబ్బు నీళ్లయినా చాలు.