జుర్రేరు నుంచి మొగ దాకా

బనగానపల్లె పక్కన పారే జుర్రేరును ఏరు అనాలంటే వానాకాలంలోనే అనాలి. మిగతా నెలల్లో అది కంపచెట్లకూ నాపరాళ్ల ముక్కలకూ నడుమ సన్నగా సాగే వాగు. ఇక్కడ నిలబడి సముద్రం సంగతి ఎత్తితే నవ్వుతారు. కానీ ఈ వాగు కుందూలో కలుస్తుంది, కుందూ పెన్నలో, పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో. ఆ కొసన ఉన్న పట్టపు జాలర్ల పాళేల కష్టం సముద్రం నుంచే వచ్చిందని అందరూ అంటారు. ఏటి వెంట దిగి చూస్తే సగం ఇటు నుంచి కూడా పోయినట్టు తెలుస్తుంది.

వాతావరణం తలకిందులు కావడం జుర్రేరుకు కొత్త కాదు. ఊరికి దాపునే జ్వాలాపురంలో తెల్లటి బూడిద పొరలున్నాయి. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం దాటొచ్చి పడిన బూడిద అది. రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల పురావస్తు బృందం అక్కడ తవ్వి, పొరకు కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయని 2007లో ‘సైన్స్’ పత్రికలో రాసింది. అంత ఉత్పాతం తర్వాతా మనిషి ఈ లోయ వదల్లేదని వాళ్ల వాదన.

కుందూ నల్లరేగడి గుండా కోవెలకుంట్ల మీదుగా కడప వైపు మళ్లుతుంది. ఇప్పుడు దాంట్లో పారేది సొంత వాన నీరొక్కటే కాదు, శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల దాటి వచ్చే కృష్ణ నీళ్లు కూడా. ఆ శ్రీశైలం జలాశయం గట్టున విశాఖ వైపు నుంచి వచ్చిన జాలర్లు గుడిసెలు వేసుకుని వేట సాగిస్తున్నారు. అలివి వలతో పిల్లచేపనూ ఊడ్చేస్తున్నారని అక్కడి జాలర్లకు వాళ్లతో తగువు. న్యాయం అక్కడివాళ్ల వైపే ఉందనుకుంటాను. అయినా కడలి అంచున పుట్టినవాడు నల్లమల ఎందుకు ఎక్కాడని కూడా అడగాలి కదా.

కమలాపురం దాపున కుందూ పెన్నలో కలుస్తుంది. పుష్పగిరి, సిద్ధవటం దాటాక చెయ్యేరు వచ్చి చేరుతుంది. ఇక్కడ వాయుగుండం గురించి చెప్పుకోవాలి. నైరుతి మొహం చాటేసిన ఏడు సీమ రైతు ఆశంతా నవంబరు వాయుగుండం మీదే. టీవీలో వాన బొమ్మ చూసి మేం సంతోషపడుతుంటే, అదే తెర కింద ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అని పట్టీ పారుతుంటుంది. మా చెరువు నిండే వారం పాళెంలో పొయ్యి వెలగని వారం. 2021 నవంబరులో మాత్రం ఇద్దరం మునిగాం. 19వ తేదీన చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగి వరద పులపత్తూరు, మందపల్లె ఊళ్ల మీద పడింది. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. ఆ వరదే కిందికి పోయి నెల్లూరు పక్కన పడుగుపాడులో రైలు పట్టాల కింది మట్టిని కోసేసింది.

పెన్న కొండలు దాటే చోట సోమశిల ఉంది, 78 టీఎంసీల జలాశయం. దాని కింద సంగం, నెల్లూరు బ్యారేజీలు, రెండూ 2022 సెప్టెంబరులో మొదలైనవే. గేట్లెత్తిన మర్నాడు ‘వృథాగా సముద్రం పాలు’ అని పేపర్లు రాస్తాయి, మేమూ తలాడిస్తాం. నిజానికి ఆ నీళ్లే, ఏరు సముద్రంలో కలిసే మొగలో, ఉప్పునీటితో కలిసి రొయ్యపిల్లకు పురుటిల్లవుతాయి. నీటితో పాటు ఇసుక కూడా ఆనకట్టల వెనకే ఆగిపోతుంది, ఆగనిది టిప్పర్లలో పోతుంది. ఒడ్డుకు కొత్త ఇసుక రాకపోతే కెరటం పాత ఒడ్డునే కొరుక్కుంటుంది. అదే మొగలో, ఏటి ఉరవడి లేని వేసవిలో, సముద్రం ఇసుకను లోపలికి తోసి దారికి అడ్డంగా మేట వేస్తుంది. పడవలు పోటు కోసం కాచుకోవాలి.

ఊటుకూరు నుంచి మైపాడు దాకా తీరంలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఇంజను బిగించిన ఫైబర్ బోటు. అది పోటుకు అందకుండా ఉండాలంటే ఇసుక మీద పైకి లాగాలి. ఒకప్పుడు పదిమంది భుజం పట్టేవాళ్లు, ఇప్పుడు ట్రాక్టరు రావాలి, దానికి బాడుగ. ఒక్కో చేపకు ఒక్కో వల, ఏ వల వేయాలో ఆ తెల్లారే దాకా తేలదు కాబట్టి అన్నీ కొని పెట్టుకోవాలి. వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే చేప అతనికే, ధరా అతనిదే. ఆడవాళ్లు నెత్తళ్లు ఇసుక మీద పల్చగా పరిచి, పొద్దెక్కాక చేత్తో తిరగేస్తారు. సాయంత్రానికి పెళుసెక్కితే అది మనుషుల తిండి. మధ్యలో అదును కాని జల్లు పడితే మెత్తబడి నీచు వాసన కొట్టి కోళ్ల దాణా కింద పోతుంది. గాలి మునుపటి లెక్కకు రావడం లేదని పాళెం పెద్దలంటారు.

చేపలూ చోటు మారుతున్నాయి. పడమటి తీరంలోనే ఎక్కువగా దొరికే నూనె కవళ్లు కొన్ని దశాబ్దాలుగా తూర్పు తీరంలోనూ పడుతున్నాయి. కానాగంతలు మరింత లోతు నీళ్లకు దిగుతున్నాయి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దీన్ని వేడెక్కుతున్న సముద్రంతో ముడిపెట్టింది. చేప ఎక్కడ గుంపుకట్టే వీలుందో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ తెలుగులోనే చెబుతుంది. సూచన మంచిదే, ఆ చోటు ఒడ్డుకు దూరమైతే చిన్న ఇంజనుకు ఆయిలు చాలదు. 1994 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటగాళ్లదే. అందులోకి తమిళనాడు నుంచి సోనా మరబోట్లు వచ్చి వలలు తెంపుతున్నాయన్నది నెల్లూరు తీరంలో ఏళ్లనాటి గొడవ. వీటన్నిటినీ ‘తట్టుకోవడం’ అని రాస్తే రాసేవాడికి సులువు. దగ్గరుండి చూస్తే అది అప్పు, తాకట్టు, రొయ్యల చెరువులో కూలి, పిల్లాడికి చెన్నైలో పని.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధానికి 2019 నుంచి 10,000 రూపాయలు, 2025 నుంచి 20,000 భృతి ఇస్తున్నారు. అది నిషేధ కాలానికే. తుఫాను హెచ్చరికతో ఒడ్డున కూర్చున్న రోజులు ఆ లెక్కలోకి రావు. వేట లేని ఆ రోజులు ఏ ఏడు ఎన్నొస్తాయో పాళెంలో ఎవరూ ముందుగా చెప్పలేరు.

సోమశిల నీటి పంపకం నెల్లూరులో సాగునీటి సలహా మండలి సమావేశంలో ఎకరాల లెక్కన తేలుతుంది. డెల్టాకు ఇన్ని, కండలేరుకు ఇన్ని అని పంచుతారు. పాళేలకు ఎకరాలుండవు. ఎండాకాలంలో మొగ మూసుకోకుండా ఇన్ని నీళ్లు వదలాలన్న కోరిక ఆ బల్ల మీదికి రావాలంటే, పైన నీళ్లు ఆపుకునే సీమ వాళ్లు కూడా దానికి సరేననాలి. ఆ మాట అనడానికి మా వైపు ఇంకా ఎవరూ సిద్ధంగా లేరు. నేను మాత్రం అంటాను.