బుడాపెస్ట్‌లో అమ్మ పట్టిన గరిటె

నాన్నగారు పోయిన తర్వాత అమ్మను కొన్నాళ్ళు మార్పుగా ఉంటుందని గుంటూరు నుంచి లండన్‌కి, మా దగ్గరకి తీసుకొచ్చాం. పిల్లలతో బాగానే ఉండేది, గుడికి వచ్చేది. వంటింట్లోకి మాత్రం అడుగు పెట్టేది కాదు. నలభై ఏళ్ళు నాన్నకి వండిన మనిషి, "చేతులాడటం లేదే" అనేది. నేనూ బలవంతపెట్టలేదు.

వేసవి సెలవుల్లో, ఆగస్టు నెలలో, అందరం వారం రోజులకి హంగేరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్ళాం. అమ్మకు హోటల్ తిండి పడదని, వంటిల్లున్న చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకున్నాం.

మర్నాడు పొద్దున్నే డాన్యూబ్ నది ఒడ్డున, పచ్చటి ఇనుప వంతెన దగ్గరున్న పెద్ద మార్కెట్‌కి బయలుదేరాం. 1897లో తెరిచిన భవనం అది. ఇటుక గోడలు, రంగురంగుల పెంకుల కప్పు, లోపల రైల్వే స్టేషన్‌లా ఎత్తయిన ఇనుప దూలాలు. ఎక్కడ చూసినా ఎండుమిరపకాయల దండలు, ఎర్రటి కారం సంచులు! దాన్నే అక్కడ పాప్రికా అంటారు. కాయదీ అదే పేరు, పొడిదీ అదే పేరు. అమ్మ గట్టిగా వాసన పీల్చి, "తుమ్ము రాని మిర్చి యార్డేమిటే!" అంది. చాలా రోజుల తర్వాత అమ్మ నోట విన్న హాస్యం అది.

పిల్లలూ, మీకో సంగతి. ఈ పాప్రికా నుంచే సెగెడ్ పట్టణంలో ఒక శాస్త్రవేత్త విటమిన్ సి ని పెద్ద మొత్తంలో తీశారు. 1937లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. హంగేరీలో ఆయన పేరు సెంట్-జ్యోర్జి ఆల్బెర్ట్. వాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు!

మన బజ్జీ మిరపకాయల్లా ఉండే లేత పసుపు కాయలు, టమాటాలు కొనుక్కుని ఇంటికొచ్చాం. అక్కడివాళ్ళు ఇష్టంగా చేసుకునే 'లెచో' అనే కూర చేద్దామని నా ఉబలాటం. ఉల్లిపాయలు మగ్గాక, కాగుతున్న నూనెలో పాప్రికా గుమ్మరించాను. క్షణంలో నల్లబడింది. రుచి చూస్తే చేదు.

ఆ మాడు వాసనకి పక్క ఫ్లాటులో ఉండే ఇంటావిడ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఇంగ్లీషు నాలుగు ముక్కలు. గిన్నె చూసి నవ్వి, మళ్ళీ మొదటి నుంచి చేయించింది. ఉల్లిపాయలు మగ్గగానే గిన్నె దించి పక్కన పెట్టింది. కాస్త ఆగి, అప్పుడు పాప్రికా చల్లి కలిపింది. ఆ పొడిలో తీపి ఎక్కువ కాబట్టి వేడికి ఇట్టే మాడుతుందట.

కుర్చీలో కూర్చుని చూస్తున్న అమ్మ చటుక్కున లేచింది. "నిలవ పచ్చడికి మనమూ నూనె చల్లారాకే కదే కారం కలిపేది! ఇన్నేళ్ళు నా పక్కన నిలబడి ఏం నేర్చుకున్నావు?" అంటూ నా చేతిలో గరిటె లాక్కుంది. మిరపకాయ ముక్కలు వేసి, గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. తర్వాత ఆ ఇద్దరికీ నా అవసరం లేకపోయింది. ఒకరు తెలుగులో, ఒకరు హంగేరియన్‌లో, చేతులు తిప్పుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. ఆవిడ రొట్టెతో తింది. అమ్మ అన్నంలో కలుపుకుని తింది. నేను మొహం కడుక్కునే నెపంతో కాసేపు అవతలికి వెళ్ళాను.

మీరూ చేసి చూడండి. కారం లేని పసుపు మిరపకాయలు లేదా కాప్సికం కిలో, టమాటాలు అరకిలో, పెద్ద ఉల్లిపాయలు రెండు, నూనె మూడు చెంచాలు, తీపి పాప్రికా ఒక పెద్ద చెంచా, తగినంత ఉప్పు. మిరపకాయలు కాస్త మెత్తబడ్డాక టమాటాలు, ఉప్పు వేసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద పాతిక నిమిషాలు ఉడికించండి. నీళ్ళు పోయక్కర్లేదు. వాళ్ళు తరచూ సాసేజ్ వేస్తారు గానీ, లేకుండానూ రుచే.

ఇప్పుడు మా ఇంట్లో లెచో అమ్మే చేస్తుంది. చివర్లో ఒక గుంటూరు మిరపకాయ తుంచి వేస్తుంది. "ఇదైనా లేకపోతే కూరెలా అవుతుందే?" అంటుంది.